నీడ పడినంత మేర

"ఆపండి! ఆపండి బాబూ... ఇంకొక్క దెబ్బ వేశారంటే అది నా మీదే పడాలి!"

వదిన కేకకు గునపాలు ఆగిపోయాయి. చేతిలోని టీ పళ్ళెం ఎప్పుడు వదిలేసిందో ఆమెకే తెలియదు. గ్లాసులన్నీ మట్టిలో దొర్లుతున్నాయి. పునాది గోతిలో నేరేడు చెట్టు వేరు ఒకటి, మనిషి తొడంత లావుది, తెగి తెల్లగా కనబడుతోంది.

ఆ ఇంట్లోనే కాదు, వీధి మొత్తానికీ ఆమె వదినే. కూరగాయలమ్మే ముసలాయన కూడా అలాగే పిలుస్తాడు. ఇంటి పక్క ఖాళీ స్థలాన్ని ముగ్గురు తోబుట్టువులూ పంచుకుని ఇళ్ళు కట్టుకోవాలనుకున్నప్పుడు ఆమె కోరింది ఒక్కటే, ఆ చెట్టును ఉంచమని. పాత ఇల్లూ దాని పక్క జాగా ఆమె భర్తకు, ఆ పక్కది ఆడపడుచుకు, కొత్తగా తీసిన సందుకు అవతలిది మరిదికి వచ్చాయి. చెట్టు ఆడపడుచు వాటాలో వెనక వైపు పడింది. మరిది ఇంజనీరు. గీతలన్నీ అతనే గీశాడు. చెట్టు జోలికి పోనని వదిన చేతిలో చెయ్యేసి చెప్పి, మాను చుట్టూ కర్రలు పాతించి కంచె కూడా కట్టించాడు. ఆ కంచెను వచ్చినవాళ్ళందరికీ చూపించి ఎంత మురిసిపోయిందో పిచ్చితల్లి!

"మేస్త్రీగారూ, వేరు నరికేశారేంటి? మీ ఇంజనీరుగారికి తెలిస్తే ఊరుకుంటారా?"

మేస్త్రీ తలగోక్కున్నాడు. "ఆయనే దగ్గరుండి గీత గీశారమ్మా. చెట్టు ఇప్పటికిప్పుడు పడిపోదు, రెండేళ్ళు పచ్చగానే ఉంటుంది, ఆ తర్వాత దానంతట అదే పోతుందన్నారు... మీకు తెలుసనుకున్నాను."

వదిన గ్లాసులు కూడా ఏరకుండా ఇంట్లోకి నడిచింది.

నిజానికి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చెట్టంటే ఆమెకు ఒళ్ళు మంట. కింద ఆరేసిన బట్టలన్నీ ఊదారంగు మరకలే! కొట్టించెయ్యమని మొగుడి ప్రాణం తీసేది. తల్లి పోయి బెంగ పెట్టుకున్న చిన్నపిల్లాడు మరిది ఒకరోజు అలిగి, ఆ చెట్టెక్కి కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే, "నువ్వు మా అమ్మవి కాదుగా!" అన్నాడు. కొత్తకోడలు ఒక్క క్షణం ఆలోచించి, చీర కుచ్చిళ్ళు దోపి, గిన్నె చేత్తో పట్టుకుని తనూ ఎక్కేసింది. కొమ్మ మీదే ముద్దలు పెట్టింది. పిల్లాడు తిని చకచకా దిగిపోయాడు గానీ, ఆమెకు దిగడం రాలేదు! బస్సు కండక్టరు ఉద్యోగం చేసే ఆమె భర్త నిచ్చెన తెచ్చేదాకా అక్కడే ఉండి, వీధంతా నవ్వుతుంటే తనూ నవ్వింది. ఆమెకు పిల్లలు పుట్టలేదు. ఆ మరిదీ, వాడి అక్కా ఆమె చేతుల్లోనే పెరిగారు. ఆ చెట్టును మళ్ళీ ఒక్క మాట అననివ్వలేదు.

మధ్యాహ్నం మరిది భోజనానికి వచ్చాడు. ఆమె మాట్లాడకుండా వడ్డించింది. మూడో ముద్దకే అతని చెయ్యి ఆగిపోయింది.

"వదినా... ఎవరు చెప్పారు?"

"వేరు చెప్పింది. తెలిసే చేశావా?"

అతను తలెత్తలేదు. "తెలిసే చేశాను. నీడ పడినంత మేరా వేళ్ళుంటాయి వదినా, ఇంకా అవతలికీ పోతాయి. మాను చుట్టూ కంచె కడితే చెట్టు దక్కదు. కానీ అంత నేల వదిలేస్తే అక్కకు మిషను పెట్టుకునే గది ఉండదు. బావ పోయాక అక్కకు ఉన్న ఆధారం ఆ కుట్టుపనే కదా! గది లేదని అక్కతో చెప్పలేను, చెట్టు ఉండదని నీతో చెప్పలేను... మెల్లగా పోతే, ముసలిదైపోయిందని సరిపెట్టుకుంటావని..."

"నన్ను మోసం చెయ్యడానికి రెండేళ్ళు పెట్టుకున్నావా!" ఆమె గరిటెను గిన్నెలో పడేసింది. "కొట్టేశానని చెబితే ఏడ్చి ఊరుకుందును కదరా! రోజూ నీళ్ళు పోస్తూ, ఎందుకు ఎండుతోందో తెలీక, నా చేతుల్లోనే ఏదో లోపం ఉందని కుమిలిపోతూ... అలా చూద్దామనుకున్నావా నన్ను?"

అతని కళ్ళ నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి. పక్క పీట మీద తింటున్న అన్నగారు మజ్జిగ గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"నా గది కోసమా ఇదంతా?"

గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది. కొలతల టేపు మెడలోనే వేలాడుతోంది. ఆమె గబగబా వచ్చి వదిన భుజం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే తమ్ముడి మీద విరుచుకుపడింది. "ఒరేయ్ చదువుకున్నోడా! బట్ట చాలకపోతే మనిషిని కోస్తామా? పొడుగు రాకపోతే అడ్డం వేసి కత్తిరిస్తాం. నా ఇల్లు కూడా వెనక్కి పొడుగ్గా కాకుండా అడ్డంగా కట్టు!"

"అడ్డంగా చోటేదక్కా? అటు సందు. ఇటు... వదిన వంటగది."

ఆ వంటగది సంగతి అందరికీ తెలుసు. పాత వంటింటికి కిటికీ లేదు. వెనక వైపు పాత సామాన్ల కొట్టు దాని గోడకు ఆనుకుని ఉంది. మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వెలగాల్సిందే. అందుకే పక్క జాగాలో కొత్త వంటగది వేస్తామన్నారు. పొయ్యి ఎక్కడ, డబ్బాల బల్ల ఎక్కడ, కిటికీ ఎంత... అన్నీ వదిన మనసులో ఎప్పుడో కట్టేసుకుంది! కూర కలుపుతూ ఆ కిటికీలోంచి బయటికి చూడాలని ఎన్నాళ్ళ ఆశో!

"ఆ జాగా తీసుకో" అంది వదిన.

"వదినా! వద్దు..."

"ఇన్నేళ్ళూ బల్బు కిందే వండాను. ఉప్పుకు బదులు పంచదార వేశానా ఎప్పుడైనా?" నవ్వబోయింది గానీ పెదవులు వణికాయి.

అప్పుడు లేచాడు కండక్టరుగారు. ఇంట్లో ఏ తగువు వచ్చినా ఆయన మందు ఒకటే. "జరగండి, జరగండి... కాస్త జరిగితే అందరికీ చోటుంటుంది!" అన్నాడు, అచ్చం బస్సులో అన్నట్టే. ఏడుస్తూనే అందరూ నవ్వేశారు. ఆయన మాత్రం భార్య ముఖంలోకి చూసి, గబుక్కున తల తిప్పుకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఎండ ఇంకా నడినెత్తినే ఉంది. మరిది సున్నప్పొడి తట్ట తీసుకుని చెట్టు కిందికి వెళ్ళాడు. నీడ అంచు వెంట వంగి నడుస్తూ గీత పోశాడు. కంచె అంత దూరం జరగాలి, తవ్విన మట్టి ఇప్పుడే వేళ్ళ మీద కప్పెయ్యాలి అని మేస్త్రీకి చెప్పాడు. వెనక అడుగుల చప్పుడైనా తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

"అదుగో, ఆ కొమ్మ నీడ బయటే వదిలేశావు" అంది వదిన.

అతను వెనక్కి వచ్చి, ఆ కొమ్మను కూడా కలుపుతూ మళ్ళీ గీశాడు. ఆమె చీర కొంగుతో అతని మొహం మీది సున్నం తుడిచింది.

ఆడపడుచు ఇల్లు అడ్డంగా లేచింది. గదిలో మిషను చప్పుడు మొదలైంది. చెట్టు మాత్రం వేరు తెగిన వైపు ఆకులన్నీ రాల్చేసింది. వదిన రోజూ వెళ్ళి ఆ కొమ్మల్ని చూసి, దిగులుగా తిరిగి వచ్చేది. ఒకరోజు అక్కడ చిట్టి చిట్టి రాగిరంగు చిగుళ్ళు కనబడ్డాయి! పరుగున వెళ్ళి అందరినీ పిలుచుకొచ్చింది.

ఆ మర్నాడే ఆడపడుచు, లైనింగు గుడ్డ ఎంచాలని వదినను బజారుకు లాక్కుపోయింది. ఎంతకీ ఎంపిక తెమలదు! చిరాకుగా ఇంటికి వచ్చి వంటింట్లో అడుగు పెట్టిన వదిన అలాగే నిలబడిపోయింది. పొయ్యి ఎదుటి గోడలో పెద్ద కిటికీ! అవతలి కొట్టు నేలమట్టమైంది. కిటికీ నిండా నేరేడు చెట్టు... కింద, నెత్తిన దుమ్ముతో మరిది. అతని పక్కన కండక్టరుగారు ఇటుకలు ఎత్తుతున్నాడు.

"ఆకలేస్తోంది..." అన్నాడు మరిది. తర్వాతి మాట గొంతులోంచి రావడానికి కొంచెం ఆలస్యమైంది. "ఆకలేస్తోందమ్మా."

ఆమెకు కన్నీళ్ళలో ఏమీ కనబడలేదు. తడుముకుంటూ అన్నం కలిపింది. "ఈ వయసులో చెట్టెక్కలేను గానీ, ఇలా దగ్గరికి రా" అంటూ కిటికీలోంచి చెయ్యి చాపి ముద్ద నోట్లో పెట్టింది.

రెండో ముద్ద కోసం గిన్నె వైపు తిరిగినప్పుడు, నెత్తి మీద బల్బు ఇంకా వెలుగుతూనే ఉందని గమనించింది. ఎడమ చేత్తో స్విచ్చి ఆర్పేసింది.