దలా ఒడ్డున మూగబేరం దిబ్బ

రంగం రేవుకి ఏటి అవతల, దలా ఒడ్డున ఒక మట్టిదిబ్బ ఉంది. పొద్దువాలాక అటు కుక్క కూడా పోదు. మూగబేరం దిబ్బ అంటారు మనవాళ్ళు.

ఎప్పుడో… మనవాళ్ళు సముద్రం దాటి కూలికొచ్చే ఈ రంగం పట్నం పుట్టకముందు, కళింగం ఓడలవాళ్ళు ఆ దిబ్బ మీద బట్టలు పెట్టి ఓడెక్కేసేవారట. అడవివాళ్ళు వచ్చి, పక్కన ఎర్రపూసలు పెట్టి పోయేవారట. ఓడలవాళ్ళు తిరిగొచ్చి చూసి, నచ్చితే పూసలు తీసుకుని బట్ట వదిలేయాలి. నచ్చకపోతే ఏదీ ముట్టకూడదు. మాటా లేదు, మొహం చూసుకోడమూ లేదు. వాళ్ళంతా పోయినా బేరం మాత్రం పోలేదంటారు.

కూలి దండాసి ఈ మాట చెబితే మేస్త్రీ కనకరాజు కాండ్రించి ఉమ్మేశాడు. వాడి కంటికి అందరూ పురుగులే. ఏం చూసుకునయ్యా ఆ మిడిసిపాటు? గొంతు! రేవులో ఒక్క కేకేస్తే వందమంది మూటలెత్తాల్సిందే. మర్నాడు దొర పెద్దమేస్త్రీని ఎంచుతాడు. ఆ గొంతుకే పదవి వస్తుందని వాడి ధీమా.

"చచ్చినోళ్ళు బేరాలాడతారేట్రా, ఎర్రి సన్నాసీ! పద, సూపిత్తాను."

చీకటి పడుతుండగా సాంపాన్ పడవలో ఏరు దాటారు. కనకరాజు తన చిరుగుల తువ్వాలు దిబ్బ మీదికి విసిరాడు.

"ఆ ఎదవలకి ఇదే ఎక్కువ!"

పడవలోకొచ్చి కూర్చున్నారు. గడ్డిలో అలికిడి… ఆగిపోయింది.

వెళ్ళి చూస్తే — తువ్వాలు పక్కన గుప్పెడు ఎర్రపూసలు!

"తువ్వాలొగ్గేయ్ బాబూ… నీ కాళ్ళట్టుకుంతాను," అన్నాడు దండాసి గుసగుసగా.

"నోర్ముయ్!"

పూసలు మూటగట్టి, తువ్వాలు కూడా భుజాన వేసుకున్నాడు. చిరుగుల గుడ్డకి కూడా కక్కుర్తే, పీనాసి వెధవకి!

తెల్లారింది. దొర ఎదుట రొమ్ము విరుచుకుని, కూలీల మీద కేకేద్దామని నోరు తెరిచాడు కనకరాజు. మెడనరాలు ఉబ్బాయి, మొహం కందిపోయింది… చిన్న చప్పుడైనా రాలేదు. కూలీలు పగలబడి నవ్వారు. దొర పక్కనున్న మేస్త్రీకి పదవి ఇచ్చేసి పోయాడు.

ఆ సాయంత్రమే కనకరాజు దండాసిని ఈడ్చుకుంటూ రేవుకి పరిగెత్తి, దలాకి ఏరు దాటాడు. పూసలు, తువ్వాలు, కొత్త పంచె, వేలి ఉంగరం అన్నీ దిబ్బ మీద పెట్టి పడవలో కూర్చున్నాడు. ఎంతసేపైనా… ఏదీ ఎవరూ ముట్టలేదు. ఆ బేరం వాళ్ళకి నచ్చలేదు మరి!

మూగగా ఏడుస్తూ కనకరాజు, దండాసి చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు — చీకట్లో, గడ్డి లోపల్నుంచి, అచ్చం కనకరాజు గొంతు… ఏరంతా దద్దరిల్లేలా కేకేసింది.

"ఏట్రా సూత్తన్నారు, ఎదవల్లారా! ఎత్తండి మూటలు!"

పాపం దండాసి… అలవాటుకొద్దీ నడుం వంచాడు.