కోటుకు అంటుకున్న గింజలు

"ఈ గదిలోకి ఎవరూ చెప్పులతో రావద్దు!" పిన్ని లోపలి నుంచే కేకేసింది.

బొంగరం గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక్కచోట నిలవదని ఆ పిల్లకు ఇంట్లో అందరూ పెట్టిన పేరు అది. ఇవాళ మాత్రం కాళ్లు కదలనంటున్నాయి.

పిన్ని అడవి జంతువులను, పక్షులను ఫొటోలు తీస్తుంది. రేపు పొద్దున్నే ఆమె ప్రయాణం. ఆరు రోజులు ఓడలో వెళ్తే వచ్చే దీవులకు! అక్కడ మనుషులుండరు. నేలమీదే గూళ్లు పెట్టే సముద్రపు పక్షులుంటాయి. అక్కడికి వెళ్లేందుకు అనుమతి కోసం పిన్ని రెండేళ్లు ఎదురుచూసింది.

మంచం నిండా లెన్సులు, బ్యాటరీలు, సంచులు. గోడకు బారెడు లిస్టు. పిన్ని ఒక్కో వస్తువునూ దులిపి, నొక్కితే మూసుకుపోయే సంచిలో పెట్టి, లిస్టులో పెన్సిల్‌తో టిక్కు పెడుతోంది.

"ఇంత శుభ్రం ఎందుకు పిన్నీ? పక్షులేమైనా తిడతాయా?" అని నిన్ననే అడిగింది బొంగరం.

"తిట్టవులే. కానీ ఇక్కడి గడ్డి గింజ ఒక్కటి నాతో అక్కడికి వచ్చిందనుకో, మొలిచి దీవంతా అల్లుకుపోవచ్చు. ఇక పక్షులు గూళ్లు ఎక్కడ పెట్టుకుంటాయి? అందుకే ఓడ దగ్గర మన సామానంతా వెతుకుతారు. గింజ దొరికిందా, నన్ను ఓడే ఎక్కనివ్వరు."

అంత విన్న పిల్ల ఇవాళ మధ్యాహ్నం ఏం చేసిందో తెలుసా? పిన్ని అలా బజారుకు వెళ్లగానే, ఇలా సంచి తెరిచి ఆమె ఎర్ర కోటు తొడుక్కుంది. వీధి చివరి ఖాళీ స్థలానికి పరుగెత్తింది. "నేను ఫొటోగ్రాఫర్‌ని!" అంటూ స్నేహితుల ముందు గడ్డిలో పాకింది. తర్వాత కోటు మడిచి సంచిలో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

లిస్టులో కోటు పక్కన టిక్కు అలాగే ఉంది.

"ఏంటే, బొంగరం తిరగడం మానేసింది?" పిన్ని నవ్వింది.

చెబితే పిన్ని తిడుతుంది. చెప్పకపోతే ఓడ దగ్గరి నుంచే వెనక్కి రావాల్సి వస్తుంది. బొంగరానికి ఏడుపొచ్చేసింది.

"పిన్నీ... నీ కోటు వేసుకున్నా. గడ్డిలో పాకాను."

పిన్ని నవ్వు ఆగిపోయింది. గబగబా సంచి తెరిచింది. కోటు ముందున్న వెల్క్రో పట్టీ నిండా సన్నటి గింజలు!

"నన్ను తిట్టు పిన్నీ."

"తిట్టేదాన్నే, టైము లేదు." పిన్ని లిస్టులోని టిక్కును రబ్బరుతో చెరిపేసింది. "కోపం రాలేదని అనను. కానీ ఓడ దగ్గర బయటపడితే నా పని అయిపోయేది. ఇప్పుడు చెప్పి బతికించావు. ఇదిగో, పట్టకారు. కోటు చేతులు నువ్వు చూడు, మిగతాది నేను చూస్తా."

ఇద్దరూ నేలమీద పాత దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. ఒక్కో గింజా పీకి తెల్ల పళ్లెంలో వేశారు. మెడలు పట్టేశాయి. అయినా బొంగరానికి గుండె మీది బరువు దిగిపోయినట్టుంది. మధ్యలో ఈల కూడా వేసింది.

"హమ్మయ్య, అయిపోయింది!" పిన్ని కోటు మడవబోయింది.

"ఆగు పిన్నీ! లోపలి జేబు చూడలేదు. గడ్డిలో పడ్డ నా రుమాలు అందులోనే పెట్టుకున్నా."

ఈ మాట ఎవరూ అడగలేదు. తనంతట తనే చెప్పింది.

పిన్ని జేబు తిరగేసింది. కుట్టు మధ్యలో ఒకే ఒక్క గింజ నక్కి ఉంది.

పిన్ని దాన్ని పళ్లెంలో వేసి, బొంగరం తల నిమిరి, పెన్సిల్ చేతిలో పెట్టింది. "ఈ టిక్కు నువ్వే పెట్టు."

బొంగరం వెంటనే పెట్టలేదు. జేబును ఇంకోసారి తిరగేసి, వెలుతురులో చూసి, అప్పుడు పెట్టింది.