చేపల గుంటకు గాలి

పొద్దున్నే పొయ్యి రాజేసి ఎసరు పెట్టిన రెబెక్కమ్మ పెరటి వైపు చెవి పెట్టింది. చేపల గుంటలో తొక్కుడు చక్రం కిర్రుమంటోంది. భర్త జ్ఞానప్రకాశం దాని మీదెక్కి తొక్కుతుంటే చెక్క రెక్కలు నీళ్లను ఎగజిమ్ముతాయి. అలా చిలికితేనే నీళ్లలోకి గాలి చేరుతుంది. ఉక్కపోత ఉదయాల్లో ఆ పని చేయకపోతే చేపలు దక్కవు.

అల్లూరు దగ్గర, ఇంటి వెనకే వాళ్లకున్న మడి తుఫానుకు ఉప్పునీళ్లు ఎక్కి చౌడు బారింది. వరి మొలవని ఆ నేలను వదిలెయ్యకుండా గుంట తవ్వి, కాలవ నీళ్లు నింపి, బొచ్చె, రాగండి చేపల్ని పెంచినవాడు జ్ఞానప్రకాశం. అప్పుడు నవ్వినవాళ్లే తర్వాత చేపల కోసం గుమ్మం ముందు నిలబడ్డారు. ఆ గుంటంటే ఆయనకు ప్రాణం. కానీ ఈ మధ్య చక్రం దిగాక చాలాసేపటి దాకా ఆయాసంతో ఆయనకు నోట మాట రావడం లేదు.

"అమ్మా, పక్క పొలం వెంకయ్యన్న తన ఆయిలింజను వాడుకోమన్నాడు," అన్నాడు కొడుకు జయకుమార్, ముఖం కడుక్కుంటూ. "గట్టున పెట్టి, నీళ్లు తోడి మళ్లీ గుంటలోనే పోస్తే సరిపోతుంది. నాయన తొక్కే పనుండదు."

"మీ నాయనకు చెప్పినావా?"

"చెప్తే వింటాడా?"

తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ వచ్చిన జ్ఞానప్రకాశం ఆ మాట విననే విన్నాడు.

"ఇంజనా? నూనె పడితే నీళ్లు పాడు. ఆ చప్పుడుకు చేపలు బెదిరిపోతాయి. నా గుంట దగ్గర అది పెట్టేది లేదు."

"డాక్టరు ఏం చెప్పినాడు నాయనా? గుండె..."

"నా గుండె బాగానే ఉండాది. నువ్వు మిల్లు పనికి పో."

రెబెక్కమ్మ ఎప్పటిలాగే పొయ్యి దగ్గరికి పోయి ఎసట్లో బియ్యం పోసింది.

ఆ వారంలోనే ఒక ఉదయం మబ్బు మూసుకొచ్చింది. ఆకు కదలడం లేదు. చేపలన్నీ నీటి మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. జ్ఞానప్రకాశం గబగబా చక్రమెక్కాడు. కాసేపటికే చక్రం చప్పుడు ఆగిపోయింది.

రెబెక్కమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ఆయన పట్టుకొయ్య మీద వాలిపోయి ఉన్నాడు. జయకుమార్ నీళ్లలోకి దూకి తండ్రిని ఎత్తుకొచ్చి గట్టున కూర్చోబెట్టాడు.

"నన్నొదిలి... ముందు చక్రం తొక్కరా... చేపలు పోతాయి," అన్నాడు జ్ఞానప్రకాశం ఆయాసపడుతూ.

"పోనీ!" అని అరిచింది రెబెక్కమ్మ. ఆమె గొంతు అంత పైకి లేవడం ఇంట్లో ఎవరూ ఎరగరు. "చేపలు పోతే మళ్లీ పిల్లల్ని తెచ్చి వేసుకుంటాం. నిన్నెక్కడి నుంచి తెచ్చుకునేది? వాటికి గాలి ఎట్టా అందాలనే చూస్తుండావు. నీకు అందకపోతే నేనేమైపోవాలని ఒక్కసారైనా ఆలోచించినావా?"

జ్ఞానప్రకాశం తల దించుకున్నాడు. కళ్లు నిండాయి.

"ఇంజనొస్తే ఇంక ఈ గుంటకు నాతో పనేముంటాది రెబెక్కా?"

అదా సంగతి! జయకుమార్‌కు కోపమంతా దిగిపోయింది. తండ్రి తడి పాదాలు పట్టుకున్నాడు. "ఇంజను తిప్పేదే నేను నాయనా. ఎప్పుడు తిప్పాలో, ఎంతసేపు తిప్పాలో నువ్వు చెప్పకపోతే నాకేం తెలుసు?"

జ్ఞానప్రకాశం గుంట వైపు ఒకసారి చూసి తలూపాడు. అప్పుడు జయకుమార్ చక్రమెక్కి తొక్కాడు. కొన్ని చేపలు పోయినా, చాలావరకు దక్కాయి.

డాక్టరు వచ్చి చూసి మందిచ్చి పోయాక, సాయంత్రానికి ఇంజను బండి మీద వచ్చింది. జ్ఞానప్రకాశం గట్టున మంచమేయించుకుని పురమాయించసాగాడు. కారిన నూనె గుంటలోకి పోకుండా ఇంజనును దూరంగా పెట్టించి, కింద ఇసుక పోయించాడు. గొట్టం నుంచి నీళ్లు ఒకే ధారగా పడి అడుగు బురద లేచేసరికి, ఆపించి, గొట్టం మూతి మూయించి పైన బెజ్జాలు కొట్టించాడు. ఈసారి నీళ్లు పైకెగిరి వానలా రాలాయి. చేపలు బెదరకపోగా ఆ జల్లు కిందికే చేరాయి.

మర్నాడు పొద్దున ఇంజను నడుస్తుండగా రెబెక్కమ్మ కాఫీ తెచ్చింది.

"ఊరికే కూర్చుంటే ఎట్టానో ఉండాది," అన్నాడాయన.

"అలవాటవుతాదిలే."

ఆయన జరిగి చోటిచ్చి, గ్లాసులోని కాఫీ సగం మంచం పక్కనున్న ఖాళీ లోటాలో పోసి ఆమె చేతికిచ్చాడు. ఇన్నేళ్ల కాపురంలో పొద్దుటిపూట ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నది లేదు. రెబెక్కమ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, తీరిగ్గా తాగడం మొదలుపెట్టింది.