రెండో బొటనవేలు

ఖగోళ శాస్త్రవేత్త వెంకటరామారావును చంపినవాళ్లు అతని లాప్‌టాప్‌తో పాటు కుడి బొటనవేలినీ పట్టుకుపోయారు.

"ఆ లాప్‌టాప్ ఇద్దరి వేళ్లూ పెడితేనే తెరుచుకుంటుంది," అంది నిఘా విభాగం చీఫ్ నిర్మలాదేవి. "రెండోది అతని శిష్యురాలు ప్రసూనది. పినపాకలో పుట్టింట్లో ఉంది. వాళ్లకంటే ముందు నువ్వు చేరాలి."

"లోపల ఏముంది మేడం?" అడిగాడు ఏజెంట్ జగదీష్.

"నక్షత్రాల లోపలి ప్రవాహాలను లెక్కగట్టే కోడ్. హైడ్రోజన్ బాంబుకూ ఆ లెక్కలే కావాలి. అతన్ని చంపిన విదేశీ ముఠాలో మన మనిషి నాగలత ఉంది. ఇప్పపూల సంగతి అడిగితే ఆమేనని గుర్తుపట్టు."

జగదీష్ జూలూరుపాడు దగ్గరి తండా మనిషి. ఖాకీ చొక్కా తొడిగి కిరాయి జీపు నడిపితే ఆ దారుల్లో అతన్ని ఎవరూ తిరిగి చూడరు. సాయంత్రానికి ప్రసూనను ఎక్కించుకుని అడవి దారి పట్టాడు. ఒక్క పిట్ట కూడా అరవడం లేదు.

"సారు బతికుండంగనే వేలు కోసిన్రా?" అంది ఆమె.

జగదీష్ గేరు మార్చి జీపు వేగం పెంచాడు.

మలుపులో, పాడుబడ్డ అటవీ బంగళా ముందు కారు అడ్డంగా ఆగి ఉంది. పక్కనే ఎర్ర పట్టుచీరలో ఒక అందగత్తె.

"ఇప్పపూలు ఏరడం అయిపోయిందా?"

"ఈసారి వానకు తడిసినయ్," అంటూ జగదీష్ దిగాడు.

నాగలత నవ్వుతూ చేయి చాచింది. చేతిలో పిస్టల్.

"నేను మీ మనిషినే జగదీష్. వాళ్ల మనిషిని కూడా."

ప్రసూన చేతనే అతని చేతులు వెనక్కి కట్టించి, ఇద్దరినీ బంగళాలోకి నడిపించింది. బల్ల మీద లాప్‌టాప్, శాటిలైట్ లింక్, చిన్న ఐస్‌బాక్స్. అందులోంచి బయటికి తీసిన వేలిని చూసి ప్రసూన గోడ పట్టుకుంది. సుద్దముక్క పట్టి పట్టి అరిగిన ఆ గోరు ఆమెకు తెలుసు.

నాగలత ఆ వేలిని లాప్‌టాప్ వేలిముద్ర రీడర్ మీద అదిమింది. "ఇప్పుడు నీది పెట్టు. లేదంటే వీడి తల పేలుతుంది."

"నాది ఎడమచేతివాటం," అంటూ ప్రసూన ఎడమ బొటనవేలు పెట్టింది.

తెర మీద ఒక నక్షత్రం వెలిగింది. దాని లోపల ఎర్రటి ప్రవాహాలు సుళ్లు తిరుగుతూ లేస్తున్నాయి, దిగుతున్నాయి.

"అప్‌లోడ్ అవుతోందా?"

"చెకింగ్ నడుస్తున్నది. వేడి వాయువు పైకొస్తది, చల్లారి దిగుతది. దిగుతూ పైనున్న హైడ్రోజన్‌ను గర్భంలకు గుంజుకపోతది. ఎంత కలిస్తే నక్షత్రానికి గంత ఆయుష్షు."

"కలవకపోతే?"

"ఇంధనం జల్దీ అయిపోతది."

సుళ్లు నెమ్మదించాయి. గర్భం ముడుచుకుని, ఒక్కసారిగా కూలింది. నల్లటి తెర మీద ఒక్క మాట మిగిలింది: ఫైళ్లు లేవు.

ఎడమ వేలు తెరిచేది కాదని, చెరిపేసేదని నాగలతకు అప్పుడు అర్థమైంది. పిస్టల్ ప్రసూన నుదుటికి లేచింది.

జగదీష్ వెనక జేబులోని కీచైన్ బటన్ నొక్కాడు. బయట జీపు సైరన్ అరిచింది. నాగలత చూపు ఒక్క క్షణం తప్పింది. అతను తలతో ఆమెను గుద్దాడు. తూటా పైకప్పులోకి దూసుకుపోయింది. పడిన పిస్టల్ ప్రసూన చేతికొచ్చింది.

నాగలతను కట్టేసి జీపు వెనక పడేశారు. తిరుగుదారిలో ప్రసూన ఐస్‌బాక్స్‌ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. "సారు పనంతా నా చేత్తోనే చెరిపేసిన."

"ఇంకో కాపీ లేదా?" ఫోన్ స్పీకర్‌లో అడిగింది చీఫ్.

"అవ్, ఉన్నది మేడం. తప్పుల వెర్షన్. అండ్ల సూర్యుడు వారానికే పేలిపోతడు." ప్రసూన కళ్లు తుడుచుకుంది. "దాన్నెవరన్నా ఎత్తుకపోతే ఆపకుండ్రి. సరిచేసిస్తరేమో."