పశువుల దవాఖానలో సుక్కమ్మ

చచ్చిన గొర్రెను భుజాన వేసుకొచ్చి, సుక్కమ్మ దాన్ని సరాసరి కంపౌండరు యాదగిరి బల్ల మీద పడేసింది. చాయ్ గ్లాసు దొర్లి అతని తెల్లచొక్కా తడిసిపోయింది.

"ఏందమ్మా గిది?"

"కండ్లు లేవా? గొర్రె. టీకామందు అమ్ముకున్నరు గద, ఇగ దీన్ని గూడ అమ్ముకోండ్రి."

"నేనొచ్చి తొమ్మిది దినాలే అయింది. అమ్ముకునుడు ఇంకా నేర్వలే."

ఆమెకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

మర్రిగూడ వైపు ఒక పల్లె అది. పందొమ్మిది వందల అరవై, మృగశిర కార్తె. తొలకరికి మొలిచిన లేతగడ్డి మేస్తే గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున మేసింది మధ్యాహ్నానికి ఉండదు. సర్కారు పంపిన టీకామందు మందలకు చేరనే లేదు.

యాదగిరి రిజిస్టరు తెరిచాడు. "నేను రాకముందే రెండు వందల మందికి ఇచ్చినట్టున్నది. నీ పేరేంది?"

"గుర్వయ్య బిడ్డ సుక్కమ్మ."

"ఇగో, నీ ఏలిముద్ర."

సుక్కమ్మ అతని చేతిలోంచి కలం లాక్కుని, ఓ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసింది. "దళంల ఉన్నప్పుడు అడవిల నేర్సుకున్న. అప్పటిసంది ఏడ ఏలిముద్ర ఎయ్యలే."

యాదగిరి ఆ అక్షరాలను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. చూపు తిప్పుకోవడం కొంచెం ఆలస్యమైంది.

పదిహేనేళ్లకే దొరల మీద తిరగబడి తుపాకి పట్టిన పిల్ల ఆమె. రెండేళ్లు జైల్లో ఉండి వచ్చి, తండ్రి మందను కాస్తోంది. ఇరవై ఆరేళ్లొచ్చినా, అడవిలో తిరిగిన పిల్లను చేసుకుంటామని ఎవరూ రాలేదు.

మందు ఎక్కడికి పోయిందో యాదగిరి ఆ వారంలోనే కనిపెట్టాడు. మందున్న ఐసుపెట్టెలు పంచాయతీ సమితి ప్రెసిడెంటు మామిడితోటలో దిగి, అక్కణ్నుంచి దూరపు సంతలకు పోతున్నాయి. పైఆఫీసుకు ఉత్తరం రాశాడు. మర్నాడే ప్రెసిడెంటు జీపులో వచ్చాడు.

"కంపౌండరూ, బదిలీ కావాల్నా, కాళ్లు కావాల్నా?" అని అడిగి వెళ్లిపోయాడు.

"భయమైతాందా?" అంది సంగతి విన్న సుక్కమ్మ.

"అయితాంది."

"మంచిదే. మా దళంల గూడ భయం లేనోడే ముందుగాల దొరికేటోడు."

ఆనాటి నుంచి ఆమె మంద రోజూ దవాఖాన ముందు నుంచే పోసాగింది.

"గీ తొవ్వల గడ్డే లేదు గద?" అన్నాడు యాదగిరి.

"గడ్డికి కాదు. నీకు కావలి."

విచారణకు ఆఫీసరు వచ్చిన రోజు, ప్రెసిడెంటు మనుషులు కట్టెలు పట్టుకుని చావడి చుట్టూ నిలబడ్డారు.

"మందు ముట్టలేదనేటోళ్లు ముందుకు రండ్రి," అన్నాడు ప్రెసిడెంటు.

గొల్లలంతా తలలు వంచుకున్నారు. సుక్కమ్మ లేచింది. యాదగిరి ఇచ్చిన రిజిస్టరు ఆఫీసరు ముందు తెరిచే ఉంది. ఆమె సిరాలో బొటనవేలు ముంచి కాగితం మీద అద్దింది.

"గిది నా ఏలు, సారు. ఆ బుక్కుల ఉన్నది ఎవరిదో పోల్చుకోండ్రి."

ఆఫీసరు భూతద్దం తీశాడు. రెండూ కలవలేదు. ఓ నిమిషానికి గొల్లల్లోంచి భిక్షం లేచాడు. తర్వాత పర్వతాలు లేచాడు. చూస్తుండగానే సుక్కమ్మ వెనక పెద్ద వరస నిలబడింది. కట్టెలు పట్టుకున్నవాళ్లు ఒక్కరొక్కరే జారుకున్నారు.

సాయంత్రానికి తోటలో పెట్టెలు దొరికాయి. ప్రెసిడెంటును పోలీసులు తీసుకుపోయారు.

నాలుగోనాడు సన్నటి వానలో సుక్కమ్మ ఒక్కో గొర్రెను పట్టుకుంటే, యాదగిరి టీకా సూది వేస్తున్నాడు. ఆఖరి గొర్రెకు వేశాక కూడా ఆమె దాన్ని వదల్లేదు.

"మా అమ్మను ఆలంపూర్ నుంచి పిలిపిస్త," అన్నాడు యాదగిరి.

"ఎందుకు? ఆమెకు గూడ టీకానా?"

"పిల్లను సూసెటందుకు."

గొర్రె ఆమె చేతుల్లోంచి జారి పారిపోయింది. "నా గురించి ఊరు ఏమంటదో ఎరుకేనా?"

"ఎరుకే. మొన్న ఊరంత నీ ఎనకాల్నే నిలబడ్డది గద, నేను సూసిన."

ఆమె కళ్లు నిండాయి. వాన అనుకోమన్నట్టు మొహం తుడుచుకుంది.

పక్కనే రాయి మీద కూర్చున్న ఆమె తండ్రి గుర్వయ్య దగ్గాడు. "గొర్రెలు కాసుడు వస్తదా, పిలగా?"

"మా నాయినది గూడ మందనే, మామా."

"నేనింకా సరే అననే లేదు. అప్పుడే మామనా?" అంది సుక్కమ్మ.

"మరి అను!" అన్నాడు యాదగిరి.

వాన జోరందుకుంది. గుర్వయ్య తన గొంగడి తీసి ఇద్దరి మీదికీ విసిరి, తాను తడుస్తూ మందను తోలుకుపోయాడు. గొంగడి కింద సుక్కమ్మ మెల్లగా అంది.

"సరే."