ఇంజన్ ఆగినప్పుడు

"నీళ్లు పానెళ్ల మీద కొట్టమంటే నా నెత్తిన కొడతావేందప్పా?"

ధనుశ్రీ నాతో అన్న మొదటి మాట అది. వల్లూరు సోలార్ పార్కులో పానెళ్లు కడిగే గుంపులోకి ఆ రోజే వచ్చింది. నేను నీళ్ల ట్యాంకరు లాగే ట్రాక్టరు డ్రైవర్ని. ఇంజన్ తిరిగితేనే పంపు తిరుగుతుంది. నేను వరుస పక్కన మెల్లగా నడుపుతుంటే ఆడవాళ్లు పైపుతో నీళ్లు కొట్టి, పొడుగు కర్రల బ్రష్షులతో దుమ్ము తోముతారు. ఆ పూట పైపు అతుకు ఊడి ఆమె నిలువునా తడిసింది.

"నీ నెత్తి మీద కూడా దుమ్ము ఉండాది కదా," అన్నాను.

ముఖానికి చుట్టుకున్న టవలు కిందికి లాగి నవ్వింది. ఆ ఎండలో అందరూ కళ్లు చికిలించుకొని ఉంటే, ఆమె కళ్లు మాత్రం పెద్దవిగానే ఉన్నాయి.

ఆ తర్వాత ఇంజన్ నడిచినంత సేపూ ఆమె ఒకటంటే నేను రెండు అనేవాణ్ణి.

"ఏం డ్రైవరూ, బండి నడుపుతున్నావా, పెండ్లికూతుర్ని ఊరేగిస్తున్నావా?"

"పెండ్లికూతురు దొరికితే ఇంకా మెల్లగా పోతా."

మధ్యాహ్నం ఇంజన్ ఆపి పానెళ్ల నీడలో డబ్బాలు విప్పేవాళ్లం. అప్పుడూ ఆమె ఏదో ఒకటి అనేది. నేను వేరే దిక్కు చూసేవాణ్ణి. ఆమె కాసేపు నన్నే చూసి, గుంపులో పెద్దదైన బోరక్క వైపు తిరిగి కూర్చునేది.

నా సంగతి ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు నా చెవుల్లో చీము కారేది. రెండు కర్ణభేరులకూ చిల్లులు పడ్డాయి. గట్టిగా అరిస్తే వినబడుతుంది. ఇంజన్ హోరులో అందరూ అరిచే మాట్లాడతారు కాబట్టి అక్కడ నేను అందరిలాంటివాణ్ణే. హోరు ఆగి మనుషులు మామూలు గొంతులోకి దిగారంటే, నాకు లోకం దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. నా మాట మాత్రం ఎముకల్లోంచి నాకు పెద్దగా మోగుతుంది. అరుస్తున్నానేమో అని గొంతు తగ్గిస్తాను. ఊళ్లో వాళ్లు నెమ్మది మనిషి అంటారు.

మిగతాది పెదాలు చూసి తెలుసుకుంటాను. పెదాలు కనబడకపోతే 'సరే' అంటాను. సరే అంటే ఎవరూ రెండోసారి అడగరు. ఇరవై ఏళ్లు దాంతోనే గడిపాను.

ఒక బుధవారం ధనుశ్రీ తన డబ్బా తెచ్చుకొని నాకు దగ్గరగా కూర్చుంది. తల వంచి, రాగి ముద్ద తుంచుతూ చాలాసేపు మాట్లాడింది. నాకు ఆమె పాపిడి మాత్రమే కనబడింది. చివరికి తలెత్తి నా ముఖం చూసింది. ఏదో అడిగిందని మాత్రం అర్థమైంది.

"సరే," అన్నాను.

ముద్ద సగంలో ఉండగానే ఆమె డబ్బా మూసేసి వెళ్లిపోయింది.

మరుసటి రోజు ఇంజన్ నడుస్తున్నా ఆమె నాతో మాట్లాడలేదు. శుక్రవారం కూడా అంతే. సాయంత్రం బోరక్క ట్రాక్టరు దగ్గరికి వచ్చింది. ఇంజన్ లేకపోయినా అరిచే మాట్లాడుతుంది, అందుకే నాకు ఆమె అంటే ఇష్టం.

"ఏమిరా శివరాజూ, నీ లోపల ఉండేది గుండేనా, బండా? హొసకోట నుంచి కండక్టరు పిల్లోడు ఆదివారం చూసేకి వస్తాడు, ఒప్పుకోనా అని ఆ బిడ్డ నోరు తెరిచి నిన్ను అడిగితే, సరే అంటావా?"

బుధవారం ఆమె అడిగింది అదన్నమాట.

పని అయిపోయింది. ట్యాంకు ఖాళీ. ఆడవాళ్లు ఆటో వైపు నడుస్తున్నారు. నేను ట్రాక్టరెక్కి ఇంజన్ స్టార్ట్ చేసి, ధనుశ్రీని పిలిచాను. ఆమె వెనక్కి వచ్చి హోరులో అరిచింది.

"నీళ్లే లేవు. డీజిల్ ఎందుకు కాలుస్తావు?"

"బుధవారం అడిగింది మళ్లీ అడుగు. నాకు వినపడలేదు."

"పక్కన కూచొని చెప్తే వినపడలేదా?"

"అరిస్తే వినపడ్తాది. పెదాలు చూస్తే తెలుస్తాది. నువ్వు డబ్బాలోకి చెప్పినావు."

చెవుల సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె టవలు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఇంజన్ ఆగితే నాతో మాట్లాడేకి నీకు నామర్దా అనుకుంటి. నలుగురూ చూస్తారని."

"నలుగురికీ తెలుస్తాదని. చెవిటోనికి ట్రాక్టరు ఎవరిస్తారు? పిల్లని ఎవరిస్తారు?"

ఆమె పైకెక్కి ఇంజన్ ఆపేసింది. నా ఎదురుగా నిలబడి, మామూలుగా, అరవకుండా, ఒక్కొక్క మాటా నా కళ్లకు అందేలా పలికింది.

"రేపు మా నాయనను అడుగుతావా?"

"అడుగుతా. అయితే, మా నాయనో పా నాయనో పెదాలు చూస్తే తెలీదు. రెండిటికీ ఒకే మాదిరి మూసుకుంటాయి."

"పా నాయన ఎవుడప్పా?" అంటూ నా వేలు పట్టుకొని తన ముక్కు పక్కన పెట్టుకుంది. "మా." వేలి కింద చిన్న వణుకు, తుమ్మెద చిక్కినట్టు. "పా." వణుకు లేదు. "మా" అని ఇంకోసారి అంది. అవసరం లేకపోయినా నేను మరోసారి అడిగాను.

"ముక్కు పట్టుకొని ఏం వెతుకుతుండారే? ఆటో పోతాది," అని బోరక్క కేక నాకూ వినబడింది.

శనివారం తిరుమణిలో వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె తండ్రి మల్లేశప్ప పొలమంతా సోలారుకు లీజుకిచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి. ఆయన మీసం పై పెదవిని పూర్తిగా, కింది పెదవిని సగం కప్పేసింది. మాట లోపల్లోపలే ఉంటుంది. నేను వచ్చిన పని చెప్పాక ఆయన ఏదో అడిగాడు. నాకు మీసం కదలడమే కనబడింది.

ఆయన వెనక, గడప దగ్గర ధనుశ్రీ నిలబడి ఉంది. తండ్రి మాటలనే చప్పుడు లేకుండా పెదాలతో నాకు అందిస్తోంది. అది చూసి జవాబు చెబితే సరిపోయేది. చూపు తిప్పేశాను.

"పెద్దాయనా, నాకు చెవులు సరిగా వినపడవు. మీ పెదాలు మీసంలో కనపడలేదు. మీ అమ్మి వెనక నుంచి చెప్తా ఉండాది. కానీ మీరడిగింది మీ నోట్లోంచే తెలుసుకోవల్ల. తెలీకుండా తల ఊపితే రేపు ఆయమ్మికే కష్టం."

ఆయన వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. లేచి లోపలికి వెళ్లిపోయాడు. ధనుశ్రీ ముఖం పాలిపోయింది. పని చెడిపోయిందనుకున్నాను. లేచి వెళ్లాలో కూర్చోవాలో తెలియక చెప్పులు చూసుకుంటూ ఉండిపోయాను.

చాలాసేపటికి బయటికి వచ్చాడు. చేతిలో తడి తువ్వాలు. మీసం లేదు. ఎండ ఎరగని ఆ కాస్త చర్మం గోధుమ పిండి రంగులో మెరుస్తోంది. ధనుశ్రీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆయన అరుగు మీద నా మోకాళ్లకు ఎదురుగా కూర్చొని, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు.

"నేనడిగింది ఇది. ఆ అమ్మికి కోపం జాస్తి. ఒక మాట రొండుసార్లు చెప్పదు. నువ్వెట్ల వేగుతావప్పా?"

ప్రతి అక్షరం కనబడింది.

"ఎదురుగా కూచుంటా మామా," అన్నాను.

ఎంత మెల్లగా అన్నానో నాకు తెలియదు. ఆయనకు వినబడింది. జేబులోంచి ఫోన్ తీసి, ఆదివారం రావొద్దని చెప్పడానికి హొసకోటకు కలిపాడు.