ఆయన నడిపితే ఆగని బండి

పొద్దున్నే టీగ్లాసు బానెట్ అంచున పెట్టి, తల లోపలికి దూర్చి, ఇంజనుతో కబుర్లాడటం ఆయనకు ఇరవై రెండేళ్ల అలవాటు. వీధి చివర సొంత మెకానిక్ షెడ్డు ఉంది. ఎవరి బండికి ఏ జబ్బు చేసినా అక్కడికే తోలుకొస్తారు. అందుకే చిన్నా పెద్దా అంతా ఆయన్ని ఇంజను డాక్టరు అంటారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ముద్దు. పైకి మాత్రం "ఎందుకులెండి" అంటాడు. అనేటప్పుడు మీసం కాస్త పైకి లేస్తుంది.

అలాంటి డాక్టరు ఇంట్లోనే రోగం పడింది. పదహారేళ్ల పాత వ్యాను నెలన్నరలో ఏడుసార్లు నడిరోడ్డు మీద ప్రాణం విడిచింది. విడిచిన ప్రతిసారీ స్టీరింగు ముందున్నది ఆయన భార్యే. ఆయన నడిపితే మాత్రం మాటవరసకైనా ఒక్కసారి ఆగలేదు. "పెళ్లాం బండికే మందు దొరకలేదు, ఇక మన బండ్లకేం దొరుకుతుంది" అని టీకొట్టు దగ్గర నవ్వుకుంటున్నారు. ఆ నవ్వులు ఆయన చెవిన పడుతూనే ఉన్నాయి.

భార్యది లాండ్రీ. అరుగు పక్కనున్న గదిలో రెండు మిషన్లు పెట్టి, పెద్దాసుపత్రి దుప్పట్లూ ఆపరేషను గదుల్లో పరిచే గుడ్డలూ ఉతికి, ఇస్త్రీ చేసి, రోజూ తొమ్మిదిలోపు అందిస్తుంది. ముప్ఫై ఎనిమిదో ఏట లైసెన్సు తెచ్చుకుంది. అప్పుడాయన "గేటుకీ గోడకీ ముందే ఓ దణ్ణం పెట్టుకో" అని ఏడిపించాడు. ఆరేళ్లయింది. గేటు గేటులాగే ఉంది, గోడ గోడలాగే ఉంది.

"పెట్రోలు ఫిల్టరు మార్చాను, పంపు మార్చాను, ప్లగ్గులు మార్చాను," అన్నాడు ఆయన బానెట్ లోంచే. "ఇక మార్చాల్సింది ఒక్కటే మిగిలింది."

"ఏంటి నాన్నా అది?" అంది అరుగు మీద పుస్తకాల సంచి సర్దుకుంటున్న కూతురు.

"డ్రైవరు."

కూతురు ఫక్కున నవ్వబోయి, అమ్మ మొహం చూసి ఆ నవ్వు మింగేసి, బస్సుకు టైమైందంటూ సంచి తగిలించుకుని జారుకుంది.

భార్య దుప్పట్ల మూట వ్యానులో పడేసి చేతులు దులుపుకుంది. "మొదటి రోజే చెప్పాను మీకు. దగ్గదు, వణకదు. వెళ్తూ వెళ్తూ టక్కున ఆగిపోతుంది. రేడియోలో పాటతో సహా ఆగిపోతుంది."

"ఆ పాట దానికి నచ్చి ఉండదు."

"మళ్లీ తిప్పితే వెంటనే స్టార్టవుతుంది."

"నేను చెప్పేదీ అదేగా. నిజంగా జబ్బుంటే తిప్పగానే లేచి కూర్చుంటుందా? క్లచ్చు మీద కాలు సరిగ్గా పెట్టవు. ఎదురుగా లారీ కనపడితే నువ్వు బెదురుతావు, నిన్ను చూసి అది బెదురుతుంది."

నిన్న ఆసుపత్రి స్టోరు గుమాస్తా అన్న మాటే ఆవిడ చెవుల్లో గింగురుమంటోంది. 'పేషెంటేమో బల్ల మీద, గుడ్డలేమో మీ వ్యానులో. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరేవాళ్లకి ఇచ్చేస్తామమ్మా.' రాత్రి ఆ సంగతి ఆయనకి చెప్పింది కూడా. దాని ఫలితం ఇప్పుడు బయటపడింది.

"సోమవారం నుంచి మా పిన్ని కొడుకు వస్తాడు," అన్నాడు ఆయన చేతులు తుడుచుకుంటూ. "చెయ్యి తిరిగిన డ్రైవరు. వాడు తోలతాడు, నువ్వు మిషన్లు చూసుకో. మాట కూడా ఇచ్చేశాను."

భార్య ఆయన వైపు తిరిగింది.

"నన్నడక్కుండానా?"

"నీ మంచికేగా."

"సరే," అంది ఆవిడ. "ఇవాళ నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చోండి. ఆగిందనుకోండి, కళ్లారా చూస్తారు. ఆగకపోతే మీ తమ్ముణ్నే రమ్మనండి. నేను మళ్లీ స్టీరింగు ముట్టను."

లోపల్నుంచి ఆయన తల్లి తొంగిచూసింది. "మీ పందేలు తొందరగా తెమల్చండి. పదింటికి నాకు కంటి పరీక్ష."

బండిని గేటు బయటికి తెచ్చింది ఆయనే, కాబట్టి ఆయన విడిగా ఉంచుకునే ఒంటి తాళం చెవి స్టీరింగు పక్కనే ఉంది. ఆవిడ ఎక్కి దాన్నే తిప్పింది.

రైల్వే యార్డు పక్కన కంకర తేలిన దారిలో ఎగిరెగిరి పడింది, ఆగలేదు. వంతెన ఎక్కింది, దిగింది, ఆగలేదు. ఆవిడ రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుని, ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అన్నట్టు చూస్తోంది. సొంత బండి చెడిపోవాలని కోరుకునే మనిషిని ఆయన అంతవరకూ చూడలేదు. నవ్వొచ్చింది. రేడియో పెట్టి పాటకి తొడ మీద దరువు వేశాడు. దుప్పట్లు దింపి తిరుగుదారి పట్టేసరికి ఈల కూడా అందుకున్నాడు.

ఇంటి ముందు బండి ఆపి ఆవిడ తాళం తీసింది. ఏమీ అనకుండా అరుగు మీది బల్లపై పెట్టింది.

"పదహారు కిలోమీటర్లు," అని ఆయన పక్కింటివాళ్లకు కూడా వినపడేలా ప్రకటించాడు. "ఒక్క తుమ్ము తుమ్మలేదు. మొగుడు పక్కనుంటే చాలమ్మా, చచ్చిన బండి కూడా లేచి పరిగెడుతుంది."

పక్కింటాయన నవ్వాడు. ఆ నవ్వే ముదిరి పాకాన పడింది. భార్య విసవిసా లోపలికి వెళ్లి తాళాల గుత్తితో వచ్చింది. మామూలు గుత్తి కాదు, గుప్పిట్లో పట్టదు. వీధి తలుపు, గ్రిల్లు, బీరువా, లాండ్రీకి రెండు, సబ్బుల అలమర, అత్తగారి మందుల పెట్టె, దేనివో ఎవరికీ గుర్తులేని నాలుగు, వాటి మధ్య వ్యానుది. ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేంటి?"

"బండిదొక్కటే ఎందుకు, అన్నీ తీసుకోండి. మీ తమ్ముడికి దుప్పట్లుతకడం కూడా వచ్చేమో కనుక్కోండి."

"నవ్వులాటకి అన్నదానికి..."

"నవ్వండి. వీధివీధంతా పిలిచి నవ్వండి." ఆవిడ గొంతు పెంచలేదు. అదే ఆయనకి ఇబ్బందిగా అనిపించింది. "ఏడుసార్లు చచ్చి బతికాను. ఇంటికొచ్చి చెప్పిన ప్రతిసారీ మీకొక జోకు దొరికింది. రేపు ఎనిమిదోసారి నేనింటికి రాకపోతే, ఆ పూట కూడా ఏదో ఒకటి అంటారు మీరు. అనకుండా ఉండలేరు."

లాండ్రీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆయన చుట్టూ చూశాడు. పక్కింటాయన అప్పటికే మాయమయ్యాడు.

"గెలిచావుగా," అంది తల్లి చెప్పులేసుకుంటూ. "పద, కంటి డాక్టరు దగ్గరికి. నాకు కళ్లజోడు రాస్తే, నీకూ ఒకటి రాయమని అడుగుదాం."

తన ఒంటి తాళం అరుగు మీది బల్లపైనే ఉంది. అది తెచ్చుకోవాలంటే లాండ్రీ కిటికీ ముందునుంచి నడవాలి. ఆ కిటికీలో భార్య ఉంటుంది. ఎందుకొచ్చిన గొడవ అనుకుని ఆయన చేతిలోని గుత్తిలోంచే వ్యాను తాళం వెతికి దూర్చి తిప్పాడు. తల్లి పక్కన కూర్చుని రేడియో గొంతు పెంచింది.

యార్డు దాటారు. వంతెన ఎక్కారు. దిగుతూ కుడివైపు తిరగాలి. ఎదురుగా లారీ వస్తోంది గానీ దూరంగానే ఉంది, సుఖంగా దాటెయ్యొచ్చు. తిప్పాడు. వంతెన రోడ్డుని తాకేచోట తారు లేచిపోయి అడుగు లోతు గుంట. ముందు చక్రం దడేలున దిగింది.

అంతే. నిశ్శబ్దం.

పాట చరణం మధ్యలో తెగిపోయింది. స్టీరింగు వెనక వెలిగే చిన్న దీపాలు ఆరిపోయాయి. స్టీరింగు రాయిలా బిగిసింది, బ్రేకు తొక్కితే గోడని తొక్కినట్టుంది. వ్యాను రోడ్డుకి అడ్డంగా నిలబడింది. లారీవాడు హారను మీదనుంచి చెయ్యి తియ్యకుండా వచ్చేస్తున్నాడు. ఇరవై రెండేళ్లు ఇంజన్ల నాడి చూసిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక గాలిలో ఆగిపోయింది. తల్లి ఆయన భుజం పట్టుకుంది. లారీ పక్కకి తప్పుకుని దూసుకుపోయింది. దాని దుమ్ము కిటికీలోంచి వచ్చి ఇద్దరి మొహాలకీ కొట్టింది.

తాళం తిప్పాడు. వెంటనే స్టార్టయింది, ఏమీ ఎరగనట్టు.

రోడ్డు వారకి తెచ్చి ఆపాడు. ఎడమకాలు క్లచ్చు మీద టకటకా కొట్టుకుంటోంది. ఆపుదామన్నా ఆగడం లేదు.

తల్లి కొంగుతో మొహం తుడుచుకుని ఆ కాలు వైపు చూసింది. "క్లచ్చు మీద కాలు సరిగ్గా పెట్టలేదా నాన్నా?"

రేడియో మళ్లీ పాడుతోంది. పాటతో సహా ఆగిపోతుంది, అంది భార్య. మొదటి రోజే అంది. పెట్రోలు అందకపోతే ఇంజను దగ్గుతుంది, ఈడుస్తుంది, నీరసపడి ఆగుతుంది. రేడియోకేం పోయేకాలం? పాట కూడా ఆగిందంటే కరెంటు మొత్తం పోయినట్టే. మొత్తం కరెంటు వెళ్లేది తాళం తిప్పే చోటునుంచే. ఆయన చూపు మెల్లగా అటు తిరిగింది. గుత్తి ఇంకా ఊగుతోంది.

ఇంజను నడుస్తుండగానే గుత్తిని పట్టుకుని కిందికి లాగి ఓ కుదుపు కుదిపాడు. పాట ఆగింది. ఇంజను ఆగింది. స్టార్టు చేసి మళ్లీ కుదిపాడు. మళ్లీ ఆగింది. పదహారేళ్లకి తాళం లోపల అరిగిపోయింది. గుంటలో పడ్డప్పుడు ఈ బరువంతా ఊగి తాళాన్ని వెనక్కి తిప్పేస్తోంది. ఆయన ఒంటి తాళానికి బరువు లేదు, పొద్దున ఆవిడ తిప్పిందీ దాన్నే, అందుకే ఆయనకి రోగమూ కనపడలేదు.

"దొరికిందా?" అంది తల్లి.

"దొరికింది. తాళం దగ్గర అరిగింది."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడేనమ్మా."

"కోడలు నెలన్నర కిందటే చెప్పింది."

ముక్కూమొహం తెలియనివాడు షెడ్డుకొస్తే ఆయన స్టూలు వేసి కూర్చోబెడతాడు. ఎక్కడాగింది, ఎత్తులోనా పల్లంలోనా, ముందు ఏది ఆగింది, అరగంట అడుగుతాడు. ఆ అడగడమే తన విద్య అని అందరికీ చెబుతాడు. ఆ అరగంటలో సగమైనా భార్యకి ఇచ్చుంటే, పంపూ ప్లగ్గులూ విప్పే పనే ఉండేది కాదు. ఆవిడ నోరు తెరిస్తే చాలు, తన దగ్గర జవాబు తయారుగా ఉండేది.

వ్యాను తాళాన్ని గుత్తిలోంచి విడదీశాడు. గోరు చీలింది, పట్టించుకోలేదు. తల్లికి కంటి పరీక్ష చేయించాడు. బయట బెంచీ మీద కూర్చుని పిన్ని కొడుక్కి ఫోను చేసి రావద్దన్నాడు. ఇల్లు చేరేసరికి పన్నెండయింది.

లాండ్రీ తలుపు తోశాడు. భార్య ఇస్త్రీ చేస్తోంది. తలెత్తలేదు.

"ఆగింది," అన్నాడు. "వంతెన దగ్గర. లారీకి అడ్డంగా. నేనే నడుపుతున్నాను."

ఇస్త్రీపెట్టె చటుక్కున ఆగింది. "అత్తయ్యకి..."

"అమ్మ బాగానే ఉంది. ఇంట్లోకెళ్లింది."

ఆవిడ దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి చూసింది. చొక్కా మీద ఇంకా లారీ దుమ్ముంది. "భయపడ్డారా?"

ఏదో ఒక హాస్యం నాలుక చివరికి వచ్చింది. ఎప్పుడూ వస్తుంది. ఈసారి దాన్ని మింగేశాడు. పక్కనున్న దుప్పట్ల మూట మీద కూలబడి తల ఊపాడు. అరచేత్తో కళ్లు తుడుచుకుంటే లారీ దుమ్ము మొహమంతా చారికలు కట్టింది.

"నిన్ను నేనొక్కసారి కూడా ఆ మాట అడగలేదు," అన్నాడు.

ఆవిడ ఉతికిన తువ్వాలొకటి ఇచ్చింది. తాళం సంగతంతా చెప్పాడు. కొత్తది సాయంత్రానికి బిగిస్తానన్నాడు. "మా తమ్ముణ్ని కూడా రావద్దన్నాను."

"నన్నడక్కుండా రమ్మన్నారు. నన్నడక్కుండా వద్దన్నారు."

"అయితే మళ్లీ రమ్మననా?"

"ఊరుకోండి," అంది ఆవిడ. పెదవి చివర నవ్వు కదిలింది, కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు. "నా వ్యాను నేనే నడుపుతాను."

"నడుపు." ఆయన పక్కనున్న మూట మీద చోటు చూపించాడు. "ముందు కూర్చో. మొదటిసారి ఎక్కడ ఆగింది, చెప్పు."

"జబ్బు దొరికిందన్నారుగా. ఇంకెందుకు?"

"బండి కోసం కాదు."

ఆవిడ ఇస్త్రీపెట్టె స్విచ్చు ఆపి వచ్చి, కాస్త ఎడంగా కూర్చుంది.

"వంతెన మీదే," అంది. "వెనక సీట్లో అమ్మాయి నిద్రపోతోంది. దాన్ని లేపాలా, నేను దిగాలా తెలియలేదు. వెనకాల బస్సు. తాళం పట్టు దొరకలేదు. అది లేచి, అమ్మా వచ్చేశామా అంది. ట్రాఫిక్కమ్మా పడుకో అన్నాను. ఇప్పటికీ దానికి తెలియదు."

ఆయన రెండుసార్లు ఏదో అనబోయి, రెండుసార్లూ మానుకున్నాడు. బయట తల్లి భోజనానికి పిలిచింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"తర్వాత?" అన్నాడు.

ఆవిడ రెండోసారి సంగతి మొదలుపెట్టింది.